కాపు అయ్యాక కుక్క ఎక్కడుంటుంది?

నా ఉద్యోగంలో చివరి పోస్టింగు నూజివీడు డివిజన్లో ఒక మండల పశువైద్యశాల. రిటైర్మెంటుకి ఇంకా మూడేళ్ళుందనగా, మామిడి పూత పిందె కడుతున్న రోజుల్లో చేరాను. నా హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పేరులో అసిస్టెంట్ అని ఉన్నా ఆ హాస్పిటల్‌కి పెద్ద ఆ పోస్టులో ఉన్నవాళ్ళే. చేతికింద ఆఫీస్ సబార్డినేట్ యేసోబు గారు ఒక్కరే ఉండేవారు. నాకంటే ఏడాది పెద్ద, నోరు మాత్రం పదేళ్ళు పెద్ద.

చేరిన నెలకే హనుమాన్ జంక్షన్ వైపు హైవే మీద దెబ్బలు తిన్న కుక్కలు ఆరు మా దగ్గరికొచ్చాయి. అక్కడి పశువైద్యశాలలో చోటు లేదని మాకు పంపారు. మా వెనక షెడ్డు ఖాళీగా ఉండడం నేను చేసుకున్న పుణ్యం. ఇలాంటి కుక్కల విషయంలో పద్ధతి ఏమిటంటే, వైద్యం చేసి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, గుర్తుగా చెవి కొన కాస్త కత్తిరించి, తెచ్చిన చోటే వదిలిపెట్టాలి. ఎవరైనా పెంచుకుంటామని రాసిస్తే వాళ్ళకివ్వొచ్చు. వానలు ముదిరేలోపు షెడ్డు ఖాళీ చెయ్యాలనీ, గొర్రెల టీకాలకి అది కావాలనీ మా అసిస్టెంట్ డైరెక్టర్ గారు చెప్పారు. ఆయన మాటలో తప్పులేదు. కానీ తెచ్చిన చోటు అంటే హైవే. ఆరింటిలో ఒకదానికి నుజ్జయిన వెనక కాలు నేనే తీసేశాను. మూడు కాళ్ళ కుక్కను తీసుకెళ్ళి లారీల మధ్య వదలడానికి నాకు చేతులు రాలేదు. యేసోబు గారు దానికి బుల్లెట్ అని పేరు పెట్టారు. అది ఆ పేరుకి తగ్గట్టే గెంతేది.

నేను అంతకుముందు కైకలూరు వైపు చేపల చెరువుల ప్రాంతంలో పనిచేశాను. అక్కడ చెరువు గట్టు మీద కుక్కకి ఏడాది పొడుగునా పనే, తిండే. తోటల్లోనూ అంతే అనుకున్నాను. ఒక ఫారం తయారుచేశాను. పేరు, ఊరు, తోట ఎన్నెకరాలు, సంతకం. కాయ ముదురుతుండగా తోటలవాళ్ళకి కబురు పంపితే ఒక్క పూటలో ఆరూ వెళ్ళిపోయాయి. బుల్లెట్‌ని సుబ్బారావు అనే ఆయన తీసుకున్నారు. కాళ్ళతో ఏం పని, మొరిగితే చాలండీ అన్నారు. నేను ఏనుగెక్కినంత సంబరపడి, షెడ్డు ఖాళీ అయిందని పైకి రిపోర్టు కూడా రాసేశాను. యేసోబు గారు గోడకానుకుని నవ్వారు. ఎందుకు నవ్వారో అప్పుడడిగితే బాగుండేది.

జూన్ ఆఖర్న ఒక ఉదయం ఆఫీసుకొచ్చేసరికి గేటు ముందు బుల్లెట్ పడుకుని ఉంది. ఒళ్ళంతా బురద. మూడు కాళ్ళతో ఏడు కిలోమీటర్లు నడిచొచ్చింది. నన్ను చూసి తోక ఊపుతుంటే సంతోషమూ, సిగ్గూ ఒకేసారి వచ్చాయి. యేసోబు గారు అప్పుడు చెప్పారు: “ఇక్కడ తోట ఒకళ్ళది, కాపు ఒకళ్ళదండీ. పూత మీద కాపు కొనుక్కున్నోళ్ళు ఆఖరి కాయ దాకానే గుడిసెలో ఉంటారు. కాయ తెగాక కుక్కకి కాపలా ఎవరుంటారు? ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య.”

ముందే చెప్పొచ్చుగా అని కసిరాను. అడగలేదుగా మేడమ్ అన్నారు. అదీ నిజమే.

ఇద్దరం జీపులో తోటలన్నీ తిరిగాం. మూడు కుక్కలు తోట యజమానుల దగ్గర కుదురుగానే ఉన్నాయి. రెండు తాళం వేసిన గుడిసెల ముందు దొరికాయి. వాటిని పాలకేంద్రం వాళ్ళు పెట్టుకున్నారు. ఇక మిగిలింది బుల్లెట్. షెడ్డు గడువు ఇరవై రోజులుంది. ఒళ్ళు మండి, చాట్రాయి దగ్గర సుబ్బారావు గారింటికి వెళ్ళాను.

ఆయన చాలా మర్యాదగా కుర్చీ వేశారు. “తోట నాది కాదు కదండీ, కాపు వరకే. ఇంటికి తెస్తే మా ఆవిడ నన్ను కట్టేసి కుక్కని లోపలికి తీసుకెళ్తాదండీ, పడదు ఆవిడకి,” అన్నారు. పడదంటూనే కుక్కని లోపలికి ఎలా తీసుకెళ్తుందో నేనడిగేలోపే ఆయన భార్య మంగమ్మ గారు లోపల్నించి మా మాటలు విని, చేతులు తుడుచుకుంటూ వాకిట్లోకొచ్చారు. కుక్క సంగతి ఆవిడకి ఆ రోజే తెలిసింది.

“నన్నడిగితే కదండీ పడేదీ పడందీ తెలిసేది!” అని, ఆయన వైపు తిరిగారు. “మూడు నెలలు కాపలా కాయించుకుని రోడ్డున వదిలేశావా? జీతగాడు మానేసినా బట్టలు పెట్టి పంపుతామే!” సుబ్బారావు గారు పందిరి కేసి చూస్తూ కూర్చున్నారు. ఆవిడ అక్కడికక్కడే తెచ్చేసుకుంటానన్నారు.

నేను ఒప్పుకోలేదు. ఒకసారి సంబరపడి దెబ్బతిన్నదాన్ని. పదిహేను రోజులాగి, అప్పటికీ కావాలనిపిస్తే రమ్మన్నాను. కోపంలో అన్న మాట కోపంతోనే పోతుందని నా భయం. ఆ పదిహేను రోజులూ నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఆవిడ రాకపోతే ఇంకో దారి లేదు. బుల్లెట్ మాత్రం నా కుర్చీ కింద హాయిగా గురకపెట్టేది.

పదిహేనో రోజున జోరున వాన. ఇక ఎవరొస్తారని యేసోబు గారు తలుపు దగ్గరికి వేస్తుండగా మోపెడ్ చప్పుడైంది. సుబ్బారావు గారు నడుపుతున్నారు, వెనక మంగమ్మ గారు గొడుగు పట్టుకుని ఉన్నారు. ముందు మామిడికాయలు సర్దే ప్లాస్టిక్ క్రేటు, అందులో మడత పెట్టిన పాత దుప్పటి. “రమ్మన్న రోజుకే వచ్చామండీ,” అన్నారావిడ. బుల్లెట్‌ని క్రేటులో కూర్చోబెట్టాం. తిరిగి వెళ్ళేటప్పుడు గొడుగు దాని మీదే ఉంది, సుబ్బారావు గారు తడిసి ముద్దయ్యారు. యేసోబు గారూ నేనూ కడుపుబ్బ నవ్వుకున్నాం.

నేను ఆ ఏడు నేర్చుకున్నది కొంచెమే. కాపు ఉన్న రోజుల్లో కుక్కను అడిగేవాళ్ళు చాలామంది. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, వాళ్ళ అవసరానికి ముగిసే తేదీ ఉంటుంది, అంతే. మర్నాడే ఫారంలో ఎకరాల గడి కొట్టేయించి, కాపు అయ్యాక కుక్క ఎక్కడుంటుందో రాయించాను. కింద రెండో సంతకానికి చోటు పెట్టించాను, రోజూ అన్నం వేసేవాళ్ళది. రిటైరయ్యేదాకా ఆ రెండో సంతకం లేకుండా ఒక్క కుక్కనీ ఇవ్వలేదు. గేటు దగ్గరికి తిరిగొచ్చిన కుక్కా లేదు.