మా బావ, తాబేలు, తాడు: మావీ ద్వీపంలో ఒక పగలు

ఇందుమూలంగా ఉత్తర అమెరికా ఖండంలోనూ, దాని చుట్టుపక్కల సముద్రాల్లోనూ సంచరించు సమస్త తెలుగు ప్రజానీకానికి తెలియజేయడమేమనగా: వెట్‌సూట్ అనబడు, సముద్రంలో చలి ఆపు అద్దె రబ్బరు తొడుగుకు ముందు, వెనక అని రెండు వైపులు కలవు. జిప్పు వీపు వైపు ఉండవలెను. పొట్ట వైపు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, జిప్పు పైకి లాగి, ఆ తర్వాత ఊపిరి వదలలేక బీచ్ అంతా తిరిగినవారికి ఈ ప్రకటనకర్త తన ప్రగాఢ సానుభూతి తెలుపుకుంటున్నాడు. ఆ అభాగ్యుడు ఎవరని అడగరాదు.

ప్రకటన అయింది. ఇక అసలు సంగతి. పొద్దున సముద్రంలో తాబేళ్ళతో ఈత, మధ్యాహ్నం లోయలో జలపాతాల మీదుగా తాడు పట్టుకుని దిగడం, రెండూ ఒక్క రోజులోనే. హవాయిలోని మావీ ద్వీపంలో ఇలాంటి టూర్ ఉందని నాకు తెలియదు. తెలిసినా వెళ్ళేవాణ్ణి కాదు. నేను ఇంటర్ తప్పి, వంట నేర్చి, అల్ఫారెట్టాలో మనవాళ్ళ ఫంక్షన్లకి కేటరింగ్ చేసుకునే మనిషిని. నాకు తెలిసిన లోతైన నీళ్ళంటే సాంబారు గిన్నే. అలాంటిది రెడ్‌మండ్ నుంచి మా మేనకోడలు మౌనిక ఫోన్ చేసింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

"మామయ్యా, నాన్న నాతో మాట్లాడట్లేదు. ఐ మీన్, మాట్లాడతారు. బట్ వెదర్ రిపోర్ట్ లాగా మాట్లాడతారు. నేను మావీ ట్రిప్ బుక్ చేశాను. నువ్వు రావాలి. నువ్వు వస్తే నాన్న యాంగ్రీ అవుతారు. ప్లీజ్."

తండ్రికి కోపం తెప్పించమని ఒక కూతురు టికెట్ కొనిచ్చి మరీ పిలిచిందంటే, దాని వెనక కథ చెప్పాలి. మౌనిక వాళ్ళ నాన్న మా బావ. ట్రాయ్‌లో కార్ల ఇంజనీరు, పెద్ద చదువు. మా అక్క పెళ్ళినాడు విడిదింట్లో ఆయన కాఫీలో చారెడు ఉప్పు వేసి, ఎదురుగా నిలబడి "పంచదార సరిపోయిందా బావా?" అని అడిగినవాణ్ణి నేను. ఆయన గ్లాసు ఖాళీ చేసి, "బావుందిరా. ఇంకో గ్లాసు పట్రా" అన్నాడు. ఆ రోజు నుంచి నేను ఆయనకి "ఒరేయ్ శీనుగా". నన్ను అమెరికా తెచ్చుకోవడానికి అక్క పిటిషన్ వేస్తే, ఏళ్ళకేళ్ళు గడిచాక అది ఆమోదమైన రోజున, "ఒరేయ్ శీనుగా, నీలాంటి వాణ్ణి రానిస్తున్నారంటే ఈ దేశానికి ఏదో అయింది" అన్నాడు. బావకీ బావమరిదికీ మధ్య తిట్టుకోవడం ఒక హక్కు. అది ఎవరూ రాసివ్వక్కర్లేదు.

పోయినేడాది మా అక్క పోయింది. తర్వాత నేను ట్రాయ్ వెళ్తే బావ తలుపు తీసి, "రా, శ్రీనివాస్. ఫ్లైట్ టైమ్‌కే వచ్చిందా?" అన్నాడు. శ్రీనివాస్! మా స్కూల్లో హాజరు పిలిచే మేస్టారు తప్ప ఎవరూ నన్ను అలా పిలవలేదు. దహనం దగ్గర రాని ఏడుపు నాకు ఆ గుమ్మంలో వచ్చింది. సంవత్సరీకం కూడా అయిపోయింది, ఇంకా శ్రీనివాస్‌నే. అక్క పేరు ఎత్తడు, అక్క అనే మాటే ఆ ఇంట్లో వినపడదు. మధ్యలో అక్క ఉంటేనే ఆయన నాకు బావా? అక్క లేకపోతే ట్రాయ్‌లో ఉండే ఒక పెద్దమనిషేనా? నా భయమల్లా అదే. కాబట్టి తాబేళ్ళ కోసమూ జలపాతాల కోసమూ వెళ్ళలేదు నేను. ఆయన నోట్లోంచి ఒక్క "ఒరేయ్" రాబట్టడానికి వెళ్ళాను.

దిగింది కహులుయి ఎయిర్‌పోర్టులో, బస కీహే అనే ఊళ్ళో. ఎండవైపు తీరం, బసలు కాస్త చవక, టూర్ వ్యాన్లు అక్కడికే వచ్చి ఎక్కించుకుంటాయి. టూర్‌కి మనిషికి రెండు వందల నలభై డాలర్లు. వెట్‌సూట్, మాస్కు, హెల్మెట్, మధ్యాహ్న భోజనం అన్నీ అందులోనే, గైడ్‌కి టిప్పు మాత్రం వేరు. పొద్దున ఆరున్నరకి వ్యాన్ వచ్చింది. అంత పొద్దున్నే ఎందుకంటే తొమ్మిది దాటితే గాలి లేచి సముద్రం అడుగు కనపడదట. డ్రైవరూ గైడూ ఒకడే, కాయ్ అని అక్కడి కుర్రాడు, తలుపంత మనిషి. బావని చూడగానే "గుడ్ మార్నింగ్, అంకుల్!" అన్నాడు. అక్కడ పెద్దవాళ్ళందర్నీ అంకుల్, ఆంటీ అనే పిలుస్తారట. మౌనిక పొంగిపోయింది. "మామయ్యా, సేమ్ మనలాగే!"

మకేనా వైపు బీచ్‌కి ఇరవై నిమిషాల్లో చేరాం. అక్కడ పడవ అక్కర్లేదు, ఒడ్డునుంచే ఈదుకుంటూ వెళ్ళొచ్చు. ఈత రాకపోయినా తేలే జాకెట్ ఇస్తారు. కాయ్ నియమాలు చెప్పాడు. తాబేలుని ముట్టుకోకూడదు, వెంటపడకూడదు, అది ఊపిరి కోసం పైకొచ్చేటప్పుడు దారికి అడ్డం ఉండకూడదు. పగడాల మీద కాలు పెట్టకూడదు. "ఇది దాని ఇల్లు. మనం చుట్టాలం. చుట్టాల్లాగే ఉండాలి" అన్నాడు. మా చుట్టాలెలా ఉంటారో అతనికి తెలియదు కాబట్టి సరిపోయింది.

జిప్పు గొడవ ముగిశాక నీళ్ళలోకి దిగాం. మొదటి ప్రయత్నం అక్కడే చేశాను. బావ బోర్లా తేలుతూ కిందకి చూస్తున్నాడు. నేను వెనకనుంచి వెళ్ళి ఆయన చీలమండ గట్టిగా పట్టుకుని లాగాను. సొరచేప అనుకుని కేక పెట్టి, నన్ను చూసి బూతు తిట్టాలి, అదీ పథకం. ఆయన తల పైకెత్తి, నోట్లో గొట్టం తీసి, "కాలు పట్టేసిందా, శ్రీనివాస్? గైడ్‌ని పిలవనా?" అన్నాడు. ఎంత మర్యాదగా అడిగాడంటే, నాకు నిజంగానే కాలు పట్టేసింది.

అప్పుడొచ్చింది తాబేలు. మా ఇంట్లో గుండ్రటి డైనింగ్ టేబుల్ అంత ఉంది. పాత తాబేలు, డిప్ప మీద పచ్చగా పాచి. ఆ పాచిని పసుపురంగు చిన్న చేపలు గుంపుగా చేరి తింటున్నాయి. తాబేలు వాటిని తిననిస్తూ కదలకుండా ఉంది, తల అంటించుకునేటప్పుడు కళ్ళు మూసుకున్న మనిషిలాగా. తర్వాత మెల్లగా పైకి లేచి, బావకి రెండు బారల దూరంలో తల బయటపెట్టి, ఉఫ్‌మని ఊపిరి వదిలి, ఇంకోటి పీల్చుకుని, మళ్ళీ కిందకి పోయింది. బావ కదల్లేదు. అది నీలంలో కలిసిపోయేదాకా చూస్తూనే ఉన్నాడు. ఒడ్డుకొచ్చాక మాస్కు తీసి చాలాసేపు తుడిచాడు. "లీక్ అయిందా నాన్నా?" అంది మౌనిక. "కొంచెం" అన్నాడు. తర్వాత, ఎవరితో అన్నాడో తెలియదు, "దానికి తొందర లేదు" అన్నాడు. నేను ఏదో జోకు వెయ్యబోయి, ఊరుకున్నాను. నా జీవితంలో అలా జరగడం అరుదు.

పదిన్నరకి బయల్దేరి, ద్వీపం నడుము మీదుగా ఉత్తరం వైపు గంట ప్రయాణం. ఎండ పోయి, దారికి రెండు వైపులా తడి, పచ్చదనం, వెదుళ్ళు మొదలయ్యాయి. హైకూ అనే ఊరు దాటాక రోడ్డు పక్క బండిలో ఒకావిడ అరటిపండు బ్రెడ్ అమ్ముతోంది. వేడివేడిది, ఆరు డాలర్లు. పండు బాగా నల్లబడితేనే రుచి అని, బ్రెడ్‌కి పనికొచ్చేవాటిని మనిషిని చూసినట్టు పైనుంచి కిందదాకా చూసి ఎంచుతానని చెప్పింది.

"ఆ లెక్కన నేను పనికొస్తానా ఆంటీ?" అన్నాను.

"నీకింకా రెండు రోజులు పడుతుంది" అంది నన్ను ఎగాదిగా చూసి.

రెండో ప్రయత్నం ఆ బ్రెడ్‌తోనే. నేను ఎక్కడికెళ్ళినా సంచిలో ఆవకాయ సీసా ఉంటుంది. బావ ముక్కని మధ్యకి చీల్చి, లోపల ఆవకాయ పిండి దట్టించి, మళ్ళీ మూసి అందించాను. ఆయన కొరికాడు. నమిలాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొత్తం తినేసి, "కొత్త రుచి. బావుంది, శ్రీనివాస్" అన్నాడు. మౌనిక నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఆ ఆవకాయ అక్క కొలతల ప్రకారం పెట్టిందే. ఆయనకి తెలియకుండా ఉంటుందా?

లోయ ఎవరిదో సొంత భూమి, టూర్‌తో తప్ప వెళ్ళనివ్వరు. ముందురోజు పెద్ద వాన పడితే వాగు పొంగుతుందని రద్దు చేసి, డబ్బు వెనక్కిస్తారు. కాబట్టి ట్రిప్‌లో చివరి రోజుకి బుక్ చేసుకోకండి. జామచెట్ల మధ్య అరగంట బురదలో నడక. అడుగున జారని బూట్లు వాళ్ళే ఇస్తారు. నడుముకి పట్టీలు, నెత్తిన నారింజరంగు హెల్మెట్. మొదటి రెండు జలపాతాలు చిన్నవి, బడి పిల్లలు కూడా దిగుతారు. తాడు కాయ్ పైన కట్టి చూస్తుంటాడు, కింద, లోయ దగ్గర మాతో కలిసిన ఇంకో గైడ్ కొస పట్టుకుని ఉంటాడు, మీరు చెయ్యి వదిలినా పడరు. మెదడుకి తెలుస్తుంది ఇది. మోకాళ్ళకి తెలియదు.

మూడోది ఐదంతస్తుల ఎత్తు. మౌనిక ముందు దిగింది, తర్వాత నేను. కింద మడుగులో మొల లోతు నీళ్ళలో నిలబడి పైకి చూస్తే, బావ అంచు మీద ఉన్న రాతిని కౌగిలించుకుని కూర్చుని ఉన్నాడు. కాయ్ వంగి ఏదో బతిమాలుతున్నాడు. నీళ్ళ హోరులో గొంతు చించుకుని అరిచాను.

"ఏంటి, దిగుతావా? రేషన్ కార్డు అక్కడికే మార్పించమంటావా?"

"నా వల్ల కాదు. నన్ను వదిలెయ్!"

"వదిలేస్తే తిన్నగా ఇక్కడికే వస్తావు! కాళ్ళు ఎడంగా పెట్టు, వెనక్కి వాలి తాడు మీద కూర్చో."

"ఎలా కూర్చోను? గాల్లోనా?"

"మా అక్క పీట వేసి పిలిచిందనుకో బావా. కూర్చో."

తర్వాత పైనుంచి వచ్చింది, ఏడాదిగా నేను ఎదురుచూస్తున్న మాట. "ఒరేయ్ శీనుగా! కిందకొచ్చాక చెప్తా నీ పని!" రాతిని వదిలాడు. కూర్చున్నాడు. అడుగులో అడుగేసుకుంటూ, జలపాతం ముఖాన కొడుతుంటే, దిగాడు. మడుగులోకి రాగానే నా హెల్మెట్ మీద టక్కున ఒక మొట్టికాయ వేశాడు. మౌనిక ఏడుస్తూ నవ్వింది, లేకపోతే నవ్వుతూ ఏడ్చింది. తడిసి ముద్దయిన మొహాల్లో అదేం తెలుస్తుంది?

నాలుగున్నరకి వ్యాన్ ఎక్కాం. నా గొంతు ఎండిపోయింది. బావ తన స్టీలు సీసా మూత తీసి, "ఇదిగో, తాగరా. అరిచి అరిచి ఉన్నావు" అన్నాడు. గటగటా రెండు గుక్కలు లాగాను. ఉప్పు! కిటికీలోంచి ఉమ్మేసి, దగ్గుతూ చూస్తే, ఆయన ముందుకి చూస్తూ, నెమ్మదిగా, "పంచదార సరిపోయిందా?" అన్నాడు.

లోయలో వాగు నీళ్ళు తియ్యటివి. ఉప్పునీళ్ళు దొరికింది పొద్దున బీచ్ దగ్గరే.

"ఎప్పుడు పట్టావు బావా?"

"నువ్వు ఆ జిప్పుతో కుస్తీ పడుతున్నప్పుడు."

ఇంటికొచ్చాక కూడా నాకు ఆ మాట దగ్గరే ఆలోచన ఆగిపోతుంది. నేను కాలు లాగకముందే, ఆవకాయ పెట్టకముందే, ఆయన ఒంగి సీసా నింపుకున్నాడు. నన్ను శ్రీనివాస్ అని పిలుస్తూనే, రోజంతా ఆ ఉప్పునీళ్ళు సంచిలో మోశాడు. మనిషి ఎక్కడికో వెళ్ళిపోయాడని నేను గోల చేస్తున్నాను గానీ, ఆయన పొద్దున్నే వెనక్కి బయల్దేరాడు. ఊపిరి కోసం పైకి రావడానికి ఎవరి వేళ వాళ్ళకుంటుంది. అప్పటిదాకా దారికి అడ్డం ఉండకూడదన్న నియమం కాయ్ ముందే చెప్పాడు, నేనే సరిగ్గా వినలేదు.

వెళ్ళబోయేవాళ్ళకి ఒక్క సలహా. పెద్ద జలపాతం దగ్గర మీకంటే ముందు, మిమ్మల్ని ఒరేయ్ అని పిలవగలిగే మనిషిని దింపండి. కాయ్ చెప్పే జాగ్రత్తలు అక్కడ చెవికెక్కవు, తిట్లు ఎక్కుతాయి.

ఇది నాకెలా తెలుసంటే, ఒక చిన్న సవరణ చెప్పుకోవాలి. ఫోటోలు మౌనిక దగ్గరున్నాయి కాబట్టి నేనే చెప్పుకోవడం మర్యాద. బావ రాతిని కౌగిలించుకుని కూర్చున్నాడని రాశాను చూడండి, అది పచ్చి కల్పన. మౌనిక తర్వాత దిగింది ఆయన, ఇంట్లో మెట్లు దిగినట్టు. రాతిని కౌగిలించుకున్నది నేను. రేషన్ కార్డు మాట ఆయనది. నా వల్ల కాదన్నది నేను. నా పథకాలన్నీ అయిపోయి, నిజంగా భయపడి, ఆ రాతిని కరుచుకుని ఉన్నప్పుడు, ఏడాదిగా అక్క పేరే ఎత్తని మనిషి కిందనుంచి, అంత హోరులోనూ వినపడేలా, అరిచాడు.

"ఒరేయ్ శీనుగా, మీ అక్క పీట వేసిందిరా. కూర్చో."

కూర్చున్నాను.