లూత్సియాన్ ముట్టని అట్టగొట్టం

వార్తా నది ఒడ్డున మా ఊళ్లో ఒకప్పుడు స్పీకర్ల కర్మాగారం ఉండేది. అందులో ముప్పై ఎనిమిదేళ్లు లూత్సియాన్ చేసిన పని ఒక్కటే, వినడం. తయారైన పెట్టెల్ని ఆయన ముందు పెట్టేవారు. కళ్లు మూసుకుని విని తల ఊపితే లారీ ఎక్కేవి, ఊపకపోతే వెనక్కి పోయేవి. మిగతావాళ్లు పెట్టెలో పైనున్న చిన్న స్పీకరు పలుకుతోందో లేదో తేల్చుకోవడానికి దానికో అట్టగొట్టం ఆనించి, రెండో కొసన చెవి పెట్టేవారు. కింది పెద్ద స్పీకరు హోరులో దాని సన్నని చప్పుడు కలిసిపోతుంది మరి. లూత్సియాన్ ఏనాడూ గొట్టం ముట్టలేదు. "అది చెవుల్లేనివాళ్లకు" అనేవాడు, అదీ పక్కవాడికి వినబడేలా.

కర్మాగారం మూతపడినా ఆయన పేరు మాత్రం మూతపడలేదు. మా బ్లాకులో ఎవరు స్పీకర్లు కొనాలన్నా ఆయన్ని వెంటబెట్టుకు వెళ్లాల్సిందే. డెబ్బై మూడేళ్ల మనిషికి ఆ ఒక్క గౌరవమే మిగిలింది. దాన్ని ఎంత భద్రంగా చూసుకునేవాడంటే, దానిమీద ఈగను కూడా వాలనిచ్చేవాడు కాదు.

ఫిబ్రవరి మొదటి తేదీ బ్రిగిడా పేరు పండగ, అంటే ఆ పేరున్న పునీతురాలి రోజు. ముప్పై ఏళ్లు చర్చి బృందానికి పాట నేర్పిన మేష్టారమ్మ ఆవిడ. బృందంలోని ఆడవాళ్లంతా తలా కొంత వేసి ఎనిమిది వందల జ్లోటీలు పోగుచేశారు. పుస్తకాల అరలో పట్టే మంచి స్పీకర్ల జత కొనాలి. ఎవరు ఎంచాలన్న ప్రశ్నే రాలేదు. లూత్సియాన్ భార్య రెగీనా కూడా ఆ బృందంలో పాడేదే. భార్యాభర్తలిద్దరూ శనివారం బజారు వేళ కొత్తవీ పాతవీ అమ్మే దుకాణానికి వెళ్లారు.

కొట్టులో ఉన్న అమ్మాయి పేరు ఇగా. "గది ఎంతుంటుందండి?" అని అడిగింది.

"బెత్తెడంత. అర వెనకాల గోడే."

"అయితే ఈ కొత్తవి చూడండి. గాలి రంధ్రం ముందువైపుంది, గోడకు ఆనించినా బుంయ్‌మనవు. గొంతు బాగా పలుకుతాయి. రెండేళ్ల గ్యారంటీ కూడా ఉంది."

సలహా లక్షణంగా ఉంది. కానీ లూత్సియాన్ చూపు అప్పటికే మూలనున్న పాత జత మీద పడింది. తిప్పి చూశాడు. వెనక పలక మీద పరీక్షించినవాడి ముద్ర, పదిహేడు. అది ఆయన నంబరే. ఇంక చెప్పేదేముంది, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

"ఇవి వినిపించు" అన్నాడు.

ఇగా పాట పెట్టి, కాసేపు విని, మొహమాటంగా చెప్పింది. "కుడిదాంట్లో పైది పలకట్లేదనుకుంటానండి. నిన్ననే వచ్చింది, ఇంకా విప్పి చూడలేదు. కావాలంటే మీరే చూడండి." అంటూ ఒక అట్టగొట్టం అందించింది.

కొట్లో నలుగురైదుగురున్నారు. లూత్సియాన్ మొహం కందగడ్డయింది. "ఏమ్మా, మీ అమ్మ పరికిణీ కట్టే రోజుల్లో దీన్ని పాస్ చేసింది నేను. నాకా గొట్టం? ముందు నువ్వెళ్లి చెవులు కడుక్కుని రా."

అందరూ నవ్వారు. ఆ పిల్ల తల దించుకుని పెట్టెలు కట్టింది. రెగీనా ఆయన చొక్కా చెయ్యి పట్టి లాగింది. బేరమాడమంటోందనుకుని ఆయన విదిలించుకున్నాడు.

పేరు పండగకు మా వాళ్లెవరూ పిలుపు కోసం చూడరు. బ్రిగిడా గది కిక్కిరిసింది. గసగసాల కేకు, గాజు గ్లాసుల్లో టీ. బృందం ఏనాడో పాడిన రికార్డే పెట్టారు. అందులో పైస్థాయి గొంతులన్నీ కుడి స్పీకరు వైపే ఉన్నాయి, అవి దుప్పటి కప్పినట్టు మూసుకుపోయి వచ్చాయి. ఇన్నేళ్ల తరవాత తమ పడుచు గొంతులు వినాలని చెవులప్పగించి కూర్చున్న ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకావిడ గబుక్కున కేకు నోట్లో కుక్కుకుంది.

"చాలా బాగున్నాయి లూత్సియాన్. ఎంత శ్రమపడ్డావో పాపం" అంది బ్రిగిడా.

పెళ్లి ప్రార్థన మధ్యలో కూడా ఒక్క అపశ్రుతిని క్షమించని మనిషి ఆవిడ. అలాంటిది ఆమె నోట ఆ మెత్తని మాట వినగానే లూత్సియాన్ చేతిలోని గ్లాసు కింద పెట్టేశాడు. రికార్డులో లోపం ఆయనకు వినబడలేదు. బ్రిగిడా మాటలోని జాలి వినబడింది. రెగీనా వైపు చూస్తే ఆమె టీ గ్లాసులోకి చూస్తోంది. నేల చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది ఆయనకు.

దారిలో అడిగాడు. "ఎన్నాళ్ల నుంచి?"

"ఆరేళ్లుంటాయి. ఆదివారం పూట నువ్వు రికార్డు పెట్టి సన్నని స్వరాలు పెంచే ఆ మీట చివరికంటా తిప్పుతావే, అప్పుడల్లా చెవుల్లో దూది పెట్టుకుంటున్నా."

"చెప్పలేకపోయావా?"

"నీకా? నీకు చెప్పి బతికి బట్టకట్టిన వాళ్లెవరయ్యా?"

మెట్లెక్కుతుంటే ప్రతి గడపా ఆయన్ని నిలదీసినట్టుంది. రెండో అంతస్తులో తను ఎంచిన స్పీకర్లే, మూడో అంతస్తులో రెండిళ్లలో తను ఎంచినవే. ఆరేళ్లుగా వీళ్లంతా ఏం విన్నారో, తన మొహం చూసి ఎన్ని అబద్ధాలాడారో. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

మర్నాడు బ్రిగిడా ఇంటికెళ్లి, ఆవిడ వద్దంటున్నా ఆ పెట్టెల్ని మంచుమీద లాగే చెక్కబల్లకు కట్టి దుకాణానికి తెచ్చాడు. లోపల జనం ఉన్నారు. ఇగా ఆయన వాలకం చూసి, "వెనక గదిలో మాట్లాడుకుందాం రండి" అంది.

"వద్దమ్మా. ఆవేళ నలుగురిలో నిన్ను అన్నాను. ఇదీ నలుగురిలోనే అనాలి. నువ్వన్నదే నిజం. కుడిది పలకట్లేదు, నాకు వినబడలేదు. నిన్ను అనకూడని మాటన్నాను."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయనకు కొంత తేలిగ్గా ఉండేది.

"మేష్టారమ్మకు ఆ కొత్తవే ఇవ్వు. నువ్వే విని ఇవ్వు" అని, చెయ్యి చాపి, "ఆ గొట్టం ఒకసారి ఇస్తావా?" అన్నాడు.

ఇగా పాత జతలో బాగున్న ఎడమదాన్ని పలికించి, పైనున్న చిన్న స్పీకరుకు గొట్టం ఆనించింది. ముప్పై ఎనిమిదేళ్లు వెక్కిరించిన ఆ అట్టముక్కకు లూత్సియాన్ మొదటిసారి చెవి పెట్టాడు.

"పలుకుతోందా అండి?"

గొట్టంలో ఏమీ లేదు. అలవాటు కొద్దీ తల ఊగబోయింది. ఆపుకున్నాడు.

"నాకు తెలీదమ్మా" అన్నాడు. "నువ్వే చెప్పు."