నలభై ఆరో షీటు, ముప్పై ఎనిమిదో వరుస

మౌస్ పనిచేయడం మానేసిన ఆ మంగళవారం నా జీవితంలోని మంచి రోజుల్లో ఒకటి అంటే మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. నేను మాత్రం ఇప్పటికీ అదే అంటాను.

సూరత్‌లో రింగ్ రోడ్ మీద బట్టల మార్కెట్లో, మూడో అంతస్తులో మా ఆఫీసు. మా శేఠ్‌కు ఊళ్లోనే ఉధనాలో మగ్గాల షెడ్డు ఉంది. అందులో పన్నెండు డాబీ మగ్గాలు, అంటే బట్టలోనే గళ్లూ చిన్న చిన్న పువ్వులూ నేసేవి. పేక పోగు పడే ప్రతిసారీ పడుగు పోగులను ఎత్తే ఫ్రేముల్లో ఏవి పైకి లేవాలో ముందే రాసి ఉండాలి. ఆ రాత నా పని. స్ప్రెడ్‌షీట్ ఫైలులో ఒక్కో డిజైనుకు ఒక్కో షీటు. ఒక వరుస అంటే ఒక పేక, ఒక గడి అంటే ఒక ఫ్రేము, లేవాల్సిన చోట ఇంటూ గుర్తు. దాన్ని ప్రింటు తీసి షెడ్డుకు పంపితే, ఆ కాగితం చూసుకుంటూ చెక్క పట్టీల చిల్లుల్లో కొయ్య మేకులు దిగ్గొడతారు. మేకు ఉంటే ఫ్రేము లేస్తుంది, లేకపోతే లేవదు. ఆ మేకులు కొట్టి ఆ మగ్గాలు నడిపేది మా నాన్నే, నేను బాపు అంటాను. నేను పుట్టకముందే సిరిసిల్ల నుంచి వచ్చి, అప్పటి నుంచీ అవే మగ్గాల మీద ఉన్నాడు.

నా ఫైలులో నూట ఎనభై షీట్లు. తెర కింద ఒకేసారి కనిపించేవి తొమ్మిదో పదో. మూడో షీటు నుంచి నూట యాభైకి వెళ్లాలంటే ఎడమ మూలనున్న బుల్లి బాణాన్ని టకటకా నొక్కుతూ కూర్చోవాలి. రోజంతా అదే పని. నాకు అసలే ఓపిక తక్కువ. ఆటో కోసం రెండు నిమిషాలు నిలబడాలన్నా చిరాకు పడే మనిషిని.

ఆ మంగళవారం మౌస్ కదలనని మొరాయించింది. కొత్తది మధ్యాహ్నానికి వస్తుందన్నారు. చేతులు కట్టుకుని కూర్చోలేక కీబోర్డు మీద ఏది పడితే అది నొక్కుతుంటే, కంట్రోల్ పట్టుకుని పేజ్ డౌన్ నొక్కినప్పుడు పక్క షీటు వచ్చి నిలబడింది. పేజ్ అప్ నొక్కితే వెనక్కి పోయింది. నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. నొక్కి పట్టుకుంటే డిజైన్లన్నీ ఒకదాని వెంట ఒకటి గిర్రున తిరిగిపోయాయి. మూడేళ్లు ఆ బాణాన్ని పొడుస్తూ కూర్చున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది, ఆ వెంటనే నవ్వూ వచ్చింది.

ఇక ఆగితే నేనెందుకవుతాను. కొత్త మౌస్ వచ్చాక అదే బాణం మీద కుడి బటన్ నొక్కి చూశాను. షీట్ల పేర్లన్నీ జాబితాగా తెరుచుకున్నాయి, కావాల్సినదాని మీద నొక్కితే నేరుగా అక్కడికే. గురువారానికి ఫైలు మొదట్లో ఒక పట్టిక షీటు చేసి, ప్రతి పేరుకూ లింకు పెట్టాను. ప్రతి డిజైను పై మూలనా పట్టికకు తిరిగొచ్చే లింకు ఇంకొకటి. శేఠ్ ఫోన్లో నంబరు చెప్పడం పూర్తయ్యేలోపే ఆ షీటు నా ముందుండేది. నన్ను పట్టేవాడు లేడనిపించింది. ఇంటికెళ్లి బాపుకు చెప్పి చెప్పి ఆయన చెవులు తినేశాను. "మంచిగుంది బిడ్డా, జర అన్నం తిను," అన్నాడు.

నెలన్నర గడిచింది. ఒక శనివారం పొద్దున శేఠ్ నన్ను క్యాబిన్‌లోకి పిలిచాడు. టేబుల్ మీద మీటరు బట్ట పరిచి ఉంది. నలభై ఆరో డిజైను. పువ్వు పువ్వుకూ ఒకేచోట రెండు పోగులు దారి తప్పి సన్నటి గీత పడింది.

"చూడు బెన్," అన్నాడు హిందీలో, చెల్లీ అన్నట్టుగా. "ఈ డిజైను పోయినేడు ఏడాదంతా నడిచింది. ఒక్క గీత లేదు. ఇప్పుడు మళ్లీ ఎక్కించాం. అదే ఫైలు, అందులోంచే తీసిన కాగితం. మారింది మీ నాన్న కళ్లు మాత్రమే."

"ఆయనను అడిగారా?"

"అడిగాను. తల వంచుకుని నిలబడ్డాడు. నేను పని మాన్పించడం లేదు. సోమవారం నుంచి సాదా మగ్గాల మీద ఉంటాడు. అక్కడ మేకులు కొట్టే పని ఉండదు."

నాకు ఒళ్లు మండింది. సాదా మగ్గం అంటే తెల్ల బట్ట, పొద్దస్తమానం తెల్ల బట్ట. చీకట్లో బట్టను వేళ్లతో తడిమి డిజైను నంబరు చెప్పే మనిషి మా బాపు. ఆ పని తీసేస్తే ఆయన దగ్గర ఇంకేం మిగులుతుంది? అయితే శేఠ్ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. ఫైలు అదే, కాగితం అందులోదే.

నా కుర్చీకి తిరిగొచ్చి నలభై ఆరు తెరిచాను. ఇంటూ గుర్తులను ఎంతసేపు చూసినా ఇంటూ గుర్తుల్లాగే ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది, పోయినేడాది ఫైలు మొత్తం పెన్‌డ్రైవ్‌లో దాచాను. అందులోని నలభై ఆరును కాపీ చేసి, ఇప్పటి నలభై ఆరుకు ముందు పెట్టాను. రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి గడీ గడీ పోల్చే ఓపిక నాకెక్కడిది? కంట్రోల్ పట్టుకున్నాను. పేజ్ డౌన్, పేజ్ అప్, పేజ్ డౌన్, పేజ్ అప్.

వందల గుర్తులు కదలకుండా ఉన్నాయి. కింద ఒకచోట మాత్రం ఏదో మిణుకుమంది. ఒక ఇంటూ ఇటు ఆరిపోయి అటు వెలుగుతోంది. ముప్పై ఎనిమిదో వరుస. పాతదాంట్లో తొమ్మిదో గడిలో ఉన్న గుర్తు కొత్తదాంట్లో పదకొండులో ఉంది. గీత సరిగ్గా అక్కడే పడింది.

బాపు కళ్లకు ఏమీ కాలేదు. తప్పు కాగితంలోనే ఉంది. లేచి క్యాబిన్ వైపు పరుగెత్తబోతూ, ఆ ఊపులోనే ఇంకొక్కసారి పేజ్ డౌన్ నొక్కాను. నలభై ఏడు వచ్చింది. అది నలభై ఆరుకు చెల్లెలు, అంచు ఒక్కటే వేరు. అంచు మారింది గానీ ముప్పై ఎనిమిదో వరుసలో గుర్తు మాత్రం ఉన్నచోటనే ఉంది, పదకొండులో.

మళ్లీ కుర్చీలో కూలబడ్డాను. నలభై ఏడులో కొత్త అంచుకు కుదిరేలా ఆ గుర్తును జరపమని శేఠే ఫోన్లో చెప్పాడు, నేనే జరిపాను. మీటలు కొత్తగా నేర్చుకున్న వారంలో, నలభై ఆరు నుంచి నలభై ఏడుకు రివ్వున పోతూ. అప్పుడు నా వేలు షిఫ్ట్ మీద కూడా పడి ఉంటుంది. షిఫ్ట్ కలిస్తే రెండు షీట్లూ జంటగా ఎంపికవుతాయి, ఒకదాంట్లో మార్చింది రెండో దాంట్లోనూ మారుతుంది. పైన ఫైలు పేరు పక్కన గ్రూప్ అని రాసి చూపిస్తుంది కూడా. అది చూసే తీరిక నాకుంటే కదా. పరీక్ష కోసం మళ్లీ అలాగే నొక్కి చూశాను. అలాగే జరిగింది.

సంతోషం, సిగ్గు రెండూ ఒకేసారి మీద పడ్డాయి. ఏది ముందో ఇప్పటికీ చెప్పలేను. శేఠ్‌ను నా టేబుల్ దగ్గరికి పిలుచుకొచ్చాను. "తప్పు నాది, మా బాపుది కాదు," అని మీటలు నొక్కి చూపించాను. ఆయన నన్ను పక్కకు జరగమని, తనే కూర్చుని పదిసార్లు అటూ ఇటూ నొక్కాడు. తిడతాడనుకున్నాను. "మీ నాన్న మగ్గాలు ఆయనవే," అని, ఇంకో నాలుగుసార్లు నొక్కి లేచాడు.

సాయంత్రం ఇల్లు చేరేవరకు నా కాళ్లు నేల మీద లేవు. బాపు గడప దగ్గర కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"ఏంది బిడ్డా, గిట్ల ఉరుక్కుంట వచ్చినవ్?"

ఊపిరి తిప్పుకోకుండా మొత్తం చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. చాయ్ గ్లాసు కింద పెట్టి, చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చాడు. షెడ్డుకు నేను పంపిన నలభై ఆరో డిజైను. ముప్పై ఎనిమిదో వరుస చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంది.

"నీకు ఎరుకేనా బాపు?"

"ఏడాది నేసిన. ఎరుక గాకపోతదా?"

"మరి తప్పు మేకు ఎందుకు కొట్టినవ్?"

"నువ్వు రాసినవ్ గదా. చదువుకున్న పిల్ల కంప్యూటర్ల రాసింది, నాకే యాది తప్పిందనుకున్న. గీత పడ్డంక సమజైంది."

"శేఠ్ అడిగినప్పుడు ఈ కాగితం చూపియ్యొచ్చు గదా."

"చూపిస్తే నిన్ను అడుగుతడు." గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "సాదా మగ్గమైతే ఏంది, మగ్గమే గదా."

నాకు ఏడుపొచ్చింది, దానికంటే ఎక్కువ కోపమొచ్చింది. నా తప్పు మోయమని నిన్నెవరు అడిగారని గల్లీ అంతా వినేలా అరిచాను. బాపు చాయ్ పూర్తిగా తాగి, "అయిపోయిందా?" అని అడిగాడు. అయిపోలేదన్నాను. నవ్వాడు. "ఆ రెండు మీటలు ఏంది, నాకు జర చూపియ్."

ఇప్పుడు షెడ్డుకు సెలవున్న రోజు బాపు మా ఆఫీసుకు వస్తాడు. నా కుర్చీలో ఆయన, పక్కన స్టూలు మీద నేను. ఖాయమైన డిజైను ఒక షీటులో, ప్రింటుకు పోయేది పక్క షీటులో పెడతాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, కంట్రోల్ మీద ఒక వేలు ఉంచి, ఇంకో వేలితో టక్కు టక్కుమని అటూ ఇటూ కొడతాడు. షిఫ్ట్ మీట మీద మాత్రం ఎర్ర స్టిక్కర్ అంటించమన్నాడు, అంటించాను.

పోయిన వారం తొందరపడి, "బాపు, ఇది నేనే రెండుసార్లు చూసిన, పంపిద్దాం," అన్నాను.

ఆయన తెర మీంచి కన్ను తీయలేదు. "నువ్వు రాసినవని ఇగ నమ్మ బిడ్డా," అన్నాడు. "జర ఆగు, చూడనీ."