మడమ లోతు

మా కోవిల్‌పట్టి కాలేజీ కబడ్డీ సార్ మనుషుల మొహాలు చూసేవాడు కాదు. వాన వెలిసిన మర్నాడు కొత్తగా చేరిన పిల్లల్ని తడి నల్లరేగడి మీద చెప్పుల్లేకుండా నడిపించి, వెనకే వంగి అడుగులు చూసుకుంటూ వచ్చేవాడు. వేళ్లు లోతుగా దిగితే కూతకు పనికొస్తాడు. మడమ దిగితే పట్టుకోవడానికి పనికొస్తాడు. సార్ ప్రేమంతా ఈ పట్టుకునేవాళ్ల మీదే. నా మడమ గుంటలో వేలు పెట్టి కొలిచి, "ఈడు గోడరా!" అన్నాడు. మా నాయన కూడా నన్నంత గొప్పగా ఎప్పుడూ అనలేదు. ఆ మాటకే పడిపోయాను.

విరుదునగర్ ఫైనల్లో కూతకొచ్చినవాడి చీలమండ పట్టుకుని పడ్డప్పుడు నా ఎడమ మోకాలు మెలితిరిగింది. ఇక నిలవలేను సార్ అన్నాను. ఆయన మోకాలికి తువ్వాలు బిగించి కట్టాడు.

"పోయి నిలవరా. నొప్పిని రేపు సూసుకుందాం."

నిలిచాను. కప్పు గెలిచాం. సార్ చెప్పిన ఆ రేపు మాత్రం ఇన్నేళ్లయినా రాలేదు.

మొన్న వాన వెలిశాక, బస్సు కోసం చెప్పులు చేతబట్టుకుని కాలేజీ మైదానానికి అడ్డంపడి కుంటుకుంటూ పోతున్నాను. నా వెనకాల, ఇప్పుడు జుట్టు నెరిసిన సార్ కొత్త పిల్లలకు నా అడుగులు చూపిస్తున్నాడు. "సూడండిరా, ఎడమది పైపైనే పడింది. ఇట్లాంటి కాలుండేవాణ్ణి తీసుకోనేగూడదు."

వెనక్కి తిరిగాను. "అది మీరు తువ్వాలు కట్టి నిలబెట్టిన కాలే, సార్."

ఆయన తలెత్తలేదు. నా కుడి మడమ గుంటలో వేలు పెట్టి కొలిచి, పిల్లలతో అన్నాడు:

"ఈ కాలు మాత్రం గోడరా!"