మామయ్య వేసిన చిటికెడు

మొన్న మిర్యాలగూడలో ఒక పెళ్ళికి వెళితే, భోజనాల బంతి సరిగ్గా మా పాత ఫర్నెస్ ఉన్న చోటే వేశారు. మూతబడ్డ రైస్ మిల్లు షెడ్డు, మా తర్వాత ఫంక్షన్ హాలైందని విన్నాను గానీ, నా మొదటి ఉద్యోగం మీద కూర్చుని పప్పన్నం కలుపుకుంటానని అనుకోలేదు. ముప్పై దాటగానే జ్ఞాపకాలేమిటని నవ్వకండి. మన ఈడువాళ్ళకు నడుం నొప్పే తొందరపడి వచ్చింది, ఇవి మాత్రం ఎందుకు ఆగాలి?

సూర్యాపేట నుంచి రోజూ బస్సులో వచ్చి, ఆ షెడ్డులో మా అక్క ఫ్యూయల్ సెల్ పలకలు చేసేది, నేనూ మామయ్యా సాయం పట్టేవాళ్ళం. గ్యాసును మంట పెట్టకుండా నేరుగా కరెంటుగా మార్చే పెట్టెలో వాడే, అప్పడమంత పలుచని పింగాణీ పలకలవి. సూదిమొనంత రంధ్రమున్నా పనికిరావు. మామూలుగా పద్నాలుగు వందల డిగ్రీల దాకా కాలిస్తే గానీ గట్టిపడవు. ఆ వేడికి ఫర్నెస్ కడ్డీలు విరిగేవి, పలకల మీది పూతలు చెడేవి. ముద్దలో రవ్వంత నల్లపొడి కలిపితే రెండు వందల డిగ్రీలు తక్కువలోనే గట్టిపడతాయని అక్క పట్టుకుంది. అక్క ఒక్కతే చేస్తే బాగా వచ్చేవి. అందరం చెయ్యి వేస్తే వంకర తిరిగి అడుగు పలకకు అతుక్కునేవి. ఆ లెక్కన నేను ఉద్యోగం మానేస్తే దేశం బాగుపడేదే. కానీ ఫర్నెస్ ఇచ్చిన హైదరాబాదు కంపెనీ ఇదే చివరి విడత అంది. ఈ పలకలూ పాడైతే ఫర్నెస్ తిరిగి లారీ ఎక్కుతుంది, అక్క ఏళ్ళ కష్టం దాని వెనకే పోతుంది.

తూకం పని మామయ్యది. తిరుమలగిరిలో కిరాణా కొట్టు నడిపిన మనిషి, అంకె నిలిచేదాకా ఊపిరి కూడా తీయడు. చివరి విడత ఫర్నెస్‌లో వేడెక్కుతుండగా, అది నెగ్గుతుందన్న ఆశతో మర్నాటి ముద్దకు ఆయన పొడి తూచాడు, గిన్నెలో వంచాడు, ఆపైన రెండు వేళ్ళతో ఇంకో చిటికెడు వేశాడు.

అక్క కళ్ళు అక్కడే ఆగిపోయాయి. "మామా, గా సివరి చిటికెడు ఏంది?"

"కొసరు బిడ్డా. కొసరెయ్యకుంట ఎవలికైనా ఎట్లిస్తం?"

లోపల కాలుతున్న వాటిలోనూ ఆ కొసరుంది. పొడి ఎక్కువైతే పలకలు ముందే మెత్తబడి అతుక్కుంటాయి. మధ్యలో ఆర్పితే పగుళ్ళిస్తాయి. గోడ మీది మీటరులో డిగ్రీలు ఎక్కుతూనే ఉన్నాయి. మామయ్య తన చేతిని తనే చూసుకుంటూ, దీన్ని నరుక్కోవాల్నా అన్నాడు. ముందు ఫర్నెస్ సంగతి సూడనీ మామా అంది అక్క. ఎక్కువైన పొడికి వేడి ఇంకా తగ్గించాలి సరే, ఎంత? అక్క ఆయన వేళ్ళ వంక చూసి, చిటికెడు ఎంతుంటుందో అంచనా కట్టి, ఒక అంకె నొక్కేసింది. వేలి కొలతతో నడిచిన ఫర్నెస్ మాదేనని నేను జోకేశాను.

మర్నాడు కోదాడలో పని ముగించుకుని కంపెనీ ఆయన దిగాడు. కింద తెల్లగుడ్డ పరిచి, రంధ్రముంటే మరక పడుతుందని పలక మీద ఎర్ర సిరా పోశాడు. మామయ్య బయట అరుగు మీద అటు తిరిగి కూర్చున్నాడు. చాలాసేపటికి గుడ్డ ఎత్తి చూపితే, మరక లేదు. ఇంత తక్కువ వేడిలోనా అని కంపెనీ ఆయన రెండుసార్లు అడిగాడు. ఆ సాయంత్రమంతా అక్క మామయ్యతో చిటికెడు మీద చిటికెడు వేయించి, ప్రతిదీ తూచింది. పెళ్ళికూతురు మెహందీకి చెయ్యి చాపినట్టు ఆయన బుద్ధిగా కూర్చున్నాడు.

ఇప్పుడు కంపెనీకి పెద్ద ఫ్యాక్టరీ ఉంది, అక్క అక్కడే పనిచేస్తోంది, పలకలు పాడవడమనేది అరుదు. ఒకసారి మామయ్యను తీసుకెళ్ళి చూపించాం. యంత్రం పొడి పోసి ఆగాక కూడా, ఆయన గిన్నె వంకే చూస్తూ నిలబడ్డాడు. నీ చిటికెడు కూడా అందులోనే కలిపి పోస్తదని అక్క చెప్పింది.

"లెక్కల కలిసినంక అది కొసరెట్లయితది బిడ్డా?"

ఆయన నెమ్మదిగానే అడిగాడు. బస్సులో సూర్యాపేట వచ్చేదాకా ఆ రెండు వేళ్ళూ ఒకదానితో ఒకటి రాసుకుంటూ కూర్చున్నాడు.