బెంచీ అంతా ఒకటే జవాబు

1986 ఫిబ్రవరి. నరసరావుపేటలో అద్దె జీపు నడిపేవాణ్ణి. ఏడో తరగతి మధ్యలోనే బడీ నేనూ ఒకరికొకరం దండం పెట్టుకుని విడిపోయాం. అలాంటి నాకు ఒక సైకాలజిస్టు మేడం దగ్గర రెండు నెలల పని దొరికింది. పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లల మనసులో కోపం, భయం, దిగులు ఎలా పెరుగుతాయన్నది ఆమె రీసెర్చి. ఊరూరా హైస్కూళ్లకు తిప్పడం నా డ్యూటీ.

ఆమె పనిముట్టు క్వశ్చనీర్, అంటే నలభై ప్రశ్నల కాగితం. ఒక్కోదానికి ‘తరచుగా’, ‘అప్పుడప్పుడు’, ‘లేదు’ అని మూడు గళ్లు. ఒకదాంట్లో టిక్కు పెట్టాలి, పేరు రాయకూడదు. టీచర్లుంటే పిల్లలు బిగుసుకుపోతారని కాగితాలు పంచే పని కూడా నాకే ఇచ్చింది. నా మొహం చూసి భయపడినవాడు ఇంతవరకు పుట్టలేదు లెండి.

ఆ శనివారం బెల్లంకొండ దాటాక ఒక హైస్కూల్లో తొమ్మిదో తరగతి. "ఇందులో తప్పు జవాబంటూ లేదమ్మా" అని మేడం మూడుసార్లు చెప్పింది. తప్పు జవాబు లేని పరీక్ష ఆ పిల్లలెప్పుడు చూశారు? మార్కులు పోతాయని పక్కవాళ్లవి చూసి దించేశారు.

ఇంటర్వెల్లో జీపు బానెట్ మీద కాగితాలు సర్దుతుంటే, ఆడపిల్లల చివరి బెంచీవి నాలుగూ అచ్చుగుద్దినట్టున్నాయి. ముప్పై ఒకటో ప్రశ్న: ‘బతికుండి ఏం లాభం అనిపిస్తుంది.’ నాలుగింట్లోనూ ‘తరచుగా’.

"కాపీ కొట్టారు మస్తాన్. ఇవి పనికిరావు" అని మేడం పక్కన పెట్టబోయింది.

"ముగ్గురు కొట్టారు మేడం. మరి నాలుగో పిల్ల ఎవర్ని చూసి రాసిందంటారు?"

నవ్వించడానికే అన్నాను. ఆమె చెయ్యి గాల్లోనే ఆగింది.

చదువు రాకపోయినా కాపీలో నేను ఫస్టు క్లాసు. దించేవాడు జవాబును దించుతాడు, తడబాటును దించడు. మూడు కాగితాలు శుభ్రంగా ఉన్నాయి. నాలుగో దాంట్లో మొదట ‘లేదు’లో టిక్కు పెట్టి, దాన్ని ఉమ్మితడి వేలితో చిల్లు పడేదాకా రుద్ది, తర్వాత ‘తరచుగా’లో పెట్టారు. వరసగా తీసుకున్నవాణ్ణి నేనే గనక అది గోడవైపు పిల్లదని తెలిసింది. ఆ పేరు ఇక్కడ రాయను.

శనివారం ఒంటిపూట బడి. గంటలో వదిలేస్తారు, మళ్లీ సోమవారమే.

"ఒక్కదాన్నే పిలిస్తే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. పేర్లు అడగనని మాటిచ్చాను. పిలవకపోతే..." అంది మేడం.

"నలుగుర్నీ కాపీ కేసు కింద పిలుద్దాం మేడం. విడివిడిగా మళ్లీ రాయాలని."

కాపీ సంగతి విని హెడ్మాస్టరు బెత్తంతో వచ్చాడు. "చేతులు చాపమనండి, తలా నాలుగు పీకితే సరిపోద్ది."

"అయ్యా, కొట్టకపోతే ఏం రాస్తారో చూడాలంట. అదీ రీసెర్చే" అన్నాను. నమ్మి వెళ్లాడు.

సైన్సు గదిలో మేడం దగ్గరికి ఒక్కొక్కరే వెళ్లారు, గోడవైపు పిల్ల ఆఖర్న. ముగ్గురు ఐదేసి నిమిషాల్లో బయటికొచ్చారు. వాళ్లకు ఆ ప్రశ్నేమిటో కూడా గుర్తులేదు.

"డ్రైవరన్నా, మా నాయనకు చెప్పబాకన్నా. బడి మానిపిస్తాడు" అంది ముగ్గుర్లో ఒకమ్మాయి.

"మానిపిస్తే ఏందంట? నాలాగా జీపు తోలుకోవచ్చులే."

నవ్వారు. నేనూ నవ్వాను గానీ కళ్లు తలుపు మీదే ఉన్నాయి. చివరి గంట కొట్టారు. బడి ఖాళీ అయింది. లోపలినుంచి చప్పుడు లేదు. జీపు తాళం చేతిలోనే పట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరిగాను.

చాలాసేపటికి మేడం ఒక్కతే గడప దాకా వచ్చింది. "ఇంట్లో పత్తికి కొట్టే పురుగుమందు డబ్బాలున్నాయట. అమ్మమ్మకు చెప్పడానికి ఒప్పుకుంది. జీపు తియ్యి."

వాళ్లింటి వాకిట్లో మిరపకాయలు ఏరుతున్న అమ్మమ్మ అంతా విని, చేతులు తుడుచుకోకుండానే పిల్లను దగ్గరికి లాక్కుంది. "ఏమే, నాతో చెప్పొద్దటే? నేనుండి దేనికే మరి?" పిల్ల అప్పుడు ఏడ్చింది. మందు డబ్బాలన్నీ జీపులో వేసుకుని, పక్కూళ్లో వాళ్ల బంధువు గదిలో పెట్టించి తాళం వేయించాను.

ఆ నాలుగు కాగితాలూ రీసెర్చిలో చేరలేదు. ఆ తర్వాత ప్రతి శనివారం మేడం అక్కడికి వెళ్లింది. పిల్ల లోపల ఏం చెప్పిందో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. మరుసటేడు ఆ అమ్మాయి పదో తరగతి పరీక్ష రాసిందని మాత్రం తెలుసు.

నాకూ తర్వాత ఆడపిల్లలు పుట్టారు. ఏమైందమ్మా అంటే "ఏం లేదు" అంటారు. ఆ మాట విని ఊరుకోను. అనేముందు ఎంతసేపు ఆగారో చూస్తాను.