ఓనరమ్మ తట్టిన బ్రెడ్

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన కొత్తలో మొయినాబాద్‌లో ఒక ఇంటి మేడ మీద కిరాయికి ఉండేవాణ్ణి. జీతం రాగానే గొప్పకు కొని, ఒక్కసారీ వాడని నా ఓవెన్ చివరికి కింద ఉండే ఇంటి ఓనరమ్మ వంటింటికి చేరింది. ఆమె మైదాలో మజ్జిగ, వంటసోడా కలిపి, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి వేసి ఆ ఓవెన్‌లో కారం బ్రెడ్ చేసేది. బయటికి తీశాక దాన్ని బోర్లించి, అడుగున వేళ్లతో తట్టి, చెవి ఆనించి వినేది. బోలుగా మోగితే కాలినట్టు. మోగకపోతే దానికి తిట్లు తప్పవు.

ఒకనాడు వాళ్ల చర్చికి కొత్తగా వచ్చిన పాస్టర్ మొదటిసారి ఇంటికి వస్తున్నాడని ఓవెన్‌లో బ్రెడ్ పెట్టింది. వాసనకు నేనూ కిందికి దిగాను. ఆమె బ్రెడ్‌ను తట్టి, విని, గట్టిగా అరిచింది.

"పైకి గింత మెరుస్తున్నవ్, లోపలంత పచ్చిగనే ఉన్నవ్! ఇంకెంతసేపు సతాయిస్తవ్?"

గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. చూస్తే పాస్టర్. ఆయన ముఖం పాలిపోయి ఉంది.

"అమ్మా, పోయిన ఆదివారం నా ప్రసంగం జర ఎక్కువైందా?" అన్నాడు మెల్లగా.

నేను నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాను. ఆమె చేతిలోని బ్రెడ్‌ను ఒకసారి, ఆయన్ను ఒకసారి చూసింది. అసలు సంగతి చెప్పేస్తుందనే అనుకున్నాను.

"జర అయింది అయ్యగారూ," అంది. "కూసోండ్రి, చాయ్ పెడత."

తర్వాతి ఆదివారం చర్చి పెందలాడే వదిలారు. ఆమె ఇంటికొచ్చి ఒక పెద్ద బ్రెడ్ చేసి, గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది.

"అయ్యగారికి ఇచ్చి రా తమ్మీ. ఈసారి మంచిగ కాలిండని చెప్పు."